కుందూ మీద చప్టా

కుందూ ఏటికి అవతలి గట్టున ఉన్న పేట నుంచి నంద్యాలకు రావాలంటే ఆ రోజుల్లో నీళ్లలో దిగి నడవాల్సిందే. వానాకాలంలో ఒక్కోసారి అదీ కుదిరేది కాదు. అలాంటి రోజునే బాలస్వామి భార్య జీవమ్మకు కాన్పు కష్టమైంది. మంచం మీద మోసుకొచ్చి, ఏరు తగ్గుతుందేమోనని గట్టున కూర్చున్నారు. తగ్గకముందే తల్లీ బిడ్డా చనిపోయారు. గట్టు పక్కనే తన చేని మూలలో ఇద్దరినీ ఒకే గుంతలో పూడ్చాడు బాలస్వామి.

కొన్నేళ్లకు, 1975లో, ఏటికి అడ్డంగా చప్టా మంజూరైంది. వరదొస్తే నీళ్లు పైనుంచి పొర్లిపోయే ఎత్తు తక్కువ రోడ్డు. ఓవర్సీరు కృష్ణస్వామి సున్నంతో గీసిన గీత సమాధి మీదుగా పోయింది.

“సార్, రోంత పక్కకు జరపండి” అన్నాడు బాలస్వామి.

“ఆ పక్కంతా ఊబి, కట్ట నిలబడదు. వేరే చోటంటే మళ్లీ పైకి రాయాల. ఎప్పుడొస్తాదో చెప్పలేను.”

పేటవాళ్లు ఇంటికొచ్చి ఒప్పుకోమని బతిమాలారు. పక్కింటి శాంతయ్య అయితే కేకలేశాడు. బాలస్వామి అతనితో మాటలు మానేశాడు.

ఆళ్లగడ్డలో కాపురముంటున్న కూతురు దెబోరా తొలికాన్పుకు పుట్టింటికొచ్చింది.

“మీయమ్మను తొక్కుకుంటా పోతారంట, పాపా.”

“తొక్కనీకుండా మనమే తీసి వేరే చోట పెడ్దాం నాయనా. దారి లేకనే గదా అమ్మ పాయె.”

బాలస్వామి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడోనాడు పాస్టరును పిలిపించి, తనే పార పట్టాడు. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. చిన్న ఎముకలు కనిపించేసరికి గుంతలోనే కూలబడ్డాడు. శాంతయ్య గుంతలోకి దిగి, తలగుడ్డ విప్పి పరిచాడు. ఎముకలన్నీ దాంట్లోకి ఎత్తి, చర్చి వెనక దిబ్బ మీద మళ్లీ పూడ్చారు.

దెబోరా నడి ఎండాకాలంలో, ఏట్లో నీళ్లు పాదాలు తడిపేంతే ఉన్నప్పుడు, ఆడపిల్లను కన్నది. చప్టా ఆ తర్వాతెప్పుడో పూర్తయింది. బండ్లు, జట్కాలు తిరగసాగాయి. బాలస్వామి మాత్రం దాని మీద కాలు పెట్టలేదు. పక్కనే చెప్పులు చేతబట్టుకుని నీళ్లలో నడిచేవాడు. మొదట్లో నవ్వినవాళ్లు తర్వాత నవ్వడం మానేశారు.

మరుసటేడు వానల్లో దెబోరా బిడ్డతో నంద్యాల వైపు గట్టున జట్కా దిగింది. ఏరు చప్టా అంచుదాకా నిండుగా ఉంది, గుర్రం దాని మీదికి అడుగేయలేదు.

“ఏంది నాయనా, ఆడనే నిలబడితివి? బిడ్డనెత్తుకోవాల, రా!”

బాలస్వామి నీళ్ల వంక చూశాడు. దిగితే నిలిచే లోతు కాదు. చప్టా ఎక్కి, తల వంచుకుని గబగబా నడిచిపోయాడు. తిరిగొచ్చేటప్పుడు మనవరాలు భుజం మీద ఉండటంతో నిదానంగా నడిచాడు.

తర్వాత కొన్నేళ్లకు వరద చప్టాను ఒక పక్క కోసేసింది. సర్కారు పని మొదలయ్యేదాకా పేటవాళ్లే రాళ్లు మోసి పూడ్చారు. బాలస్వామీ శాంతయ్యా ఒకే కావడికి చెరో కొసన భుజం పెట్టారు.