ఒకే గోత్రం

మార్చి నెలాఖరైనా అమెరికాలోని ట్రాయ్‌ని మంచు వదల్లేదు. అందుకని భీమశంకర్ గారి నడక మాల్‌లోనే సాగుతోంది. కొట్లు తెరవకముందే ఆ చుట్టుపక్కల ముసలాళ్ళంతా అక్కడ చేరి చుట్లు కొడతారు. ఆయనకి జోడీ స్టావ్రోస్ అని ఎనభై నాలుగేళ్ళ గ్రీసు దేశస్థుడు. ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే కాబట్టి ఒకరి మాట ఒకరికి శుభ్రంగా అర్థమయ్యేది.

ఆ రోజు స్టావ్రోస్ మళ్ళీ తన చిన్ననాటి మరీనా కథకే వచ్చాడు. యుద్ధంలో కాలిపోయిన ఊరు, ఆ ఊరి బడిలో అమెరికా పాలపొడి, ఆ పాలు సయించక తన గ్లాసు కూడా ఇతనికే ఇచ్చేసే మరీనా. పెద్దయ్యాక పెళ్ళి చేసుకుంటామంటే ఇంటిల్లిపాదీ కాదన్నారు. చర్చిలో బాప్టిజం నాడు జ్ఞానతండ్రిగా బిడ్డను ఎత్తుకుని, నూనె, కొత్తబట్టలు పెట్టే స్తోమత ఆ ఊళ్ళో ఒక్క మిల్లు యజమానికే ఉండేది. సగం ఊరి పిల్లల్ని ఆయనే ఎత్తుకున్నాడు. ఒకే మనిషి ఎత్తుకున్న పిల్లలు అన్నాచెల్లెళ్ళ కింద లెక్క.

"తిండికి గతిలేని ఊరు. మమ్మల్ని ఎత్తుకోడానికి ఇంకెవడున్నాడు?" అన్నాడు స్టావ్రోస్.

భీమశంకర్‌కి ఒళ్ళు మండింది. ఆ మంటలోనే, చచ్చిపోయిన భార్యకి సైతం చెప్పని సంగతి బయటికొచ్చేసింది. రేపల్లె. స్టేషన్ మాస్టారి అమ్మాయి లలిత. లెక్కల నోటు పుస్తకంలో పెట్టి పంపుకున్న చీటీలు. రెండిళ్ళదీ భారద్వాజస గోత్రం. తన తండ్రి పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

"పెద్దాళ్ళ మాట విన్నావా?" అన్నాడు స్టావ్రోస్.

"విన్నాను. నువ్వో?"

"నేనూ విన్నాను. ఓడెక్కి ఇక్కడికొచ్చి పడ్డాను. ఇద్దరం దద్దమ్మలం."

ఇంటికొచ్చేసరికి మనవరాలు వేద, ఆమెని చేసుకోబోయే కౌస్తుభ్ ఎదురుచూస్తున్నారు. లగ్నపత్రిక రాయడం తాతగారి పని. ఆ ఇంట్లో తప్పుల్లేకుండా తెలుగు రాయగలిగేది ఆయనొక్కడే. కుర్రాడిది హరితస గోత్రమని కొడుకు కృష్ణమోహన్ చెప్పి ఉన్నాడు. అయినా రాసేముందు అడగడం పద్ధతి కదా అని ఆయన అడిగాడు.

"భారద్వాజ, తాతగారూ," అన్నాడు కౌస్తుభ్, పాపం, నవ్వుతూ.

వంటింట్లోంచి కోడలు జయంతి పరుగున వచ్చింది. కృష్ణమోహన్ లాప్‌టాప్ మూసేశాడు. భీమశంకర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంతేనా? నవ్వుతూ చెప్పి ఊరుకునేపాటి సంగతేనా ఇది? మరి తన అరవై ఏళ్ళు ఎవడు తిన్నట్టు? వీళ్ళ పెళ్ళి మీద ఆయనకి కోపం లేదు. అసూయ ఉంది, పీకలదాకా ఉంది. ఇప్పుడు కలం పక్కన పెట్టేస్తే ఈ పెళ్ళి ఆగుతుందని ఆయనకి తెలుసు.

"నాతో అబద్ధమెందుకు చెప్పావురా?" అన్నాడు కొడుకుతో.

"తాతా, ప్లీజ్, నాన్నని తిట్టకండి. మీరు నో అంటారని నేనే చెప్పనివ్వలేదు. టూ ఇయర్స్ నుంచి భయం నాకు," అంది వేద.

"నేనెందుకు నో అంటానే?"

కృష్ణమోహన్ ఆగలేకపోయాడు. "ఎందుకంటారేంటి నాన్నా? విశాలత్త ఇష్టపడ్డ అబ్బాయిది మన గోత్రమేనని ఆ సంబంధం చెడగొట్టింది మీరు కాదూ? అత్త వాకిట్లో కూర్చుని ఏడవడం నేను చూశాను. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు."

చెడగొట్టింది భీమశంకరే. నేను దిగమింగుకున్నప్పుడు చెల్లెలు దిగమింగుకోలేదా అనుకున్నాడు ఆ రోజు. ధర్మం నిలబెట్టానని కూడా అనుకున్నాడు.

ఆయన కాగితం దగ్గరికి లాక్కున్నాడు. వధువు వైపు భారద్వాజస అని రాశాడు. వరుడి వైపూ అదే రాశాడు. కింద ఇంటిపెద్దగా సంతకం పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"కృష్ణా, మీ అత్త నంబరు నీ దగ్గరుందా?"

"ఉంది. కానీ మీరు చేస్తే ఎత్తదు నాన్నా," అన్నాడు కొడుకు.