ఏకవచనం

గోంగూర ఒలుస్తున్న భానుమతి పక్కన చతికిలబడి, తనూ రెండు కాడలు చేతిలోకి తీసుకుని మేధ ఆ మాట చెప్పింది.

"అమ్మా, ఇకమీదట నా గురించి ఎవరితోనైనా చెప్పేటప్పుడు 'వచ్చింది, వెళ్ళింది' అనకు. అలాగని 'వచ్చాడు' అని కూడా అనొద్దు."

"మరేమనాలే?"

"'తను వచ్చారు' అను. చాలు."

భానుమతికి నవ్వొచ్చింది. "అబ్బో! నువ్వేమన్నా తహసీల్దారువా? ఈ ఇంట్లో మీ నాన్నకీ నానమ్మకీ తప్ప ఆ 'రు' ఇంకెవరికుంది?" అనేసింది. అనేశాక చూస్తే మేధ నవ్వడం లేదు. చేతిలో కాడని ముక్కలు ముక్కలుగా తుంచుతోంది.

"నేను ఆడపిల్లని కాదమ్మా. మగపిల్లాడినీ కాదు. చిన్నప్పట్నుంచీ ఏదో తేడాగానే ఉండేది, చెప్పడం చేతకాలేదు. కాలేజీలో ఫ్రెండ్స్ కొంతమంది 'తను', 'వచ్చారు' అనే అంటారు. అలా వింటే కరిచే చెప్పు విడిచేసినట్టుంటుంది."

భానుమతి ఆకు కడగడానికి లేచింది. కుళాయి కింద ఎంతసేపు కడిగిందో ఆమెకే తెలీదు. భయమేసింది. ఎవరైనా వింటే, అత్తగారు వింటే, ఆయన వింటే. ఆ భయం కింద ఇంకోటి కూడా ఉంది, దాన్ని పైకి రానివ్వడానికి మాత్రం ఆమెకు ధైర్యం చాల్లేదు. 'నన్నిలా పిలవండి' అని ఒక మనిషి నోరు తెరిచి అడగొచ్చా? అడిగితే ఏమవుతుందో తనకి తెలుసు కదా.

పెళ్ళయిన కొత్తలో తనూ ఒకసారి అడిగింది. భర్త రఘురామ్‌ది తవుడు వ్యాపారం. తాడేపల్లిగూడెం మిల్లుల్లో కొని కొల్లేరు చేపల చెరువులకి మేతగా పంపుతాడు. కొట్టు ముందు పదిమంది ఉండగా లోపలికి కేకేసి "అది కాఫీ పెట్టిందా? దాన్ని తొందరగా తెమ్మను" అనేవాడు. "నాకు పేరుంది కదండీ. నలుగురిలో 'అది' అంటే సిగ్గుగా ఉంటోంది" అంది ఆమె, అన్నం వడ్డిస్తూ, వీలైనంత మెత్తగా. జవాబు మాటల్లో రాలేదు. నీళ్ళ చెంబు వచ్చి కనుబొమ్మ మీద తగిలింది. రక్తం పప్పుగిన్నెలో పడితే, ఆ పప్పు పారబోసి మళ్ళీ ఉడికించిందీ ఆమే. మర్నాడు తను పనిచేసే స్కూలు స్టాఫ్‌రూమ్‌లో, బీరువా తలుపు కొట్టుకుందని చెప్పింది. అత్తగారు పరమేశ్వరి పసుపు అద్దుతూ, "మొగుడు 'అది' అంటే ముద్దేనమ్మాయ్. 'ఆవిడ' అన్న రోజున ఏడువు" అంది. ఆ తర్వాత ఆమె మళ్ళీ అడగలేదు. పొద్దున్నే లేచి మూడు రకాల టిఫిన్లు చేసి, అత్తగారికి కాళ్ళకి నూనె రాసి, బాక్సులు కట్టి, పెంటపాడు బస్సెక్కేది. స్కూలు గేటు దగ్గర పిల్లలు "టీచరుగారు వచ్చారు" అనేవారు. ఆమె అక్కడ తెలుగు టీచరు. ఆ 'రు' సాయంత్రం దాకా నిలిచేది. బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి, "అదొచ్చిందా? గ్యాసు వెలిగించమను" అని లోపల్నుంచి గొంతు వినపడేది.

మేధ ఆ మాట చెప్పిన వారంలోనే ఎనిమిదో తరగతిలో వ్యాకరణం చెప్పాల్సి వచ్చింది. ఏళ్ళ తరబడి చెప్తున్న పాఠమే. బోర్డు మీద రాసింది: రాజు వచ్చాడు. రాణి వచ్చింది. గేదె వచ్చింది. బండి వచ్చింది. "ఆడవాళ్ళ గురించి చెప్పే మాటలు బహువచనంలో మగవాళ్ళతో కలుస్తాయి, 'వచ్చారు' అంటాం. ఏకవచనంలో పశువులతో, వస్తువులతో కలుస్తాయి" అంది. రెండో బెంచీలో పెర్సిస్ అనే పిల్ల లేచి నిలబడింది. "అంటే టీచర్, మేం గుంపుగా ఉంటేనే మనుషులమా? ఒక్కళ్ళమే ఉంటే గేదెలమా?"

క్లాసంతా గొల్లుమంది. భానుమతి కూడా నవ్వబోయింది, కానీ చాక్‌పీసు చేతిలో పుటుక్కున విరిగింది. "కూర్చో" అంది. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వరిచేలు చూస్తూ, ఇన్నేళ్ళూ ఆ వాక్యాన్ని తన చేత్తో తనే రాస్తూ ఒక్కసారి కూడా చదువుకోలేదేమిటా అనుకుంది.

అప్పట్నుంచి వంటింట్లో, ఇద్దరే ఉన్నప్పుడు, నేర్చుకోవడం మొదలుపెట్టింది. "మేధ తిన్నద... తిన్నారా?" అని నాలుక కరుచుకునేది. మేధ పకపకా నవ్వేది. నవ్వితే ఆ మొహంలో ఎప్పుడూ ఉండే బిగువు సడలిపోవడం చూసి, ఇంత చిన్న అక్షరానికా ఇంత ఆకలితో ఉంది నా బిడ్డ, అనుకునేది.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. మేధకి జ్వరం వచ్చి కాలేజీకి వెళ్ళని ఒక మధ్యాహ్నం, క్లాస్‌మేట్ ఫణికిరణ్ దారిలో కొట్టు దగ్గర ఆగాడు. "అంకుల్, మేధ ఇంట్లో ఉన్నారా? తను ఇవాళ క్లాసుకి రాలేదు" అన్నాడు. కొట్టులో ఉన్న మిల్లు గుమాస్తాలు నవ్వారు. "అప్పుడే ఆఫీసరైపోయారా అండీ మీ అమ్మాయిగారు!" అన్నాడొకడు. రఘురామ్ ఆ కుర్రాణ్ణి పక్కకి పిలిచి భుజం మీద చెయ్యేసి, ఎందుకలా అన్నావు బాబూ అని తియ్యగా అడిగాడు. పాపం, ఫణికిరణ్ అంతా చెప్పేశాడు. మంచి చేస్తున్నాననుకున్నాడు.

భానుమతి స్కూలు నుంచి వచ్చేసరికి హాల్లో మేధ నేల మీద ఉంది. రఘురామ్ చేతిలో బెల్టు ఉంది. పొట్టిగా కత్తిరించుకున్న జుట్టు పట్టుకు దొరక్క, చెవి పట్టుకుని లేపుతున్నాడు. చెవి మొదట్లో చిట్లి రక్తం మెడ మీదికి కారుతోంది.

"ఆడపిల్లని అను."

"నేను మేధని నాన్నా."

బెల్టు బకిల్ మోకాలి చిప్ప మీద పడింది. భానుమతి సంచీ పడేసి మధ్యలోకి దూకింది. "ఏవండీ, జ్వరంతో ఉందండీ, ఏవండీ!" రఘురామ్ ఆమె చెయ్యి మెలితిప్పాడు. చిటికెన వేలు టక్కుమంది. ఆమె కూలబడితే పొట్టలో తన్నాడు. "నువ్వేగా నేర్పావు దీనికి వ్యాకరణం! బజార్లో నన్ను చూసి నవ్వుతున్నారు! ఇంకో పదేళ్ళు నవ్వుతారు!" అని అరిచాడు. పరమేశ్వరి గబగబా వచ్చింది, కొడుకుని ఆపుతుందేమో అనుకుంది భానుమతి. ఆవిడ వరసగా కిటికీలన్నీ మూసి, "కాస్త నెమ్మదిగా నాన్నా, వీధిలోకి వినిపిస్తుంది" అంది.

ఆ సాయంత్రం మేధ మోకాలికి కాపడం పెడుతూ భానుమతి ఏడవలేదు. బెల్టు గుర్తులు ఒక్కోటీ వేలితో తడుముతూ, 'తను తిన్నారు, తను పడుకున్నారు, తను కళ్ళు మూసుకున్నారు' అని లోపల్లోపల అనుకుంటూ కూర్చుంది. ఈసారి నాలుక తడబడలేదు. ఆ రోజు నుంచి ఆమె మనసులో మేధ మళ్ళీ 'ది' కాలేదు.

ఆదివారం పొద్దున్నే రఘురామ్ ఇద్దర్నీ కారెక్కించాడు. కొల్లేరు లంకల్లో అతను లీజుకి తీసుకున్న చెరువుంది, గట్టు మీద కాపలావాళ్ళ రేకుల షెడ్డుంది. "సంబంధం కుదిరేదాకా అక్కడే ఉంటుంది. ఫోనుండదు, ఫ్రెండ్సుండరు. తవుడు బస్తాలు మోస్తే తెలుస్తుంది ఆడో మగో" అన్నాడు. ఏలూరు దాటాక తారురోడ్డు అయిపోయింది. రెండు పక్కలా చెరువులు, వాటిలో మేత సంచులు వేలాడే వెదురు కర్రలు, పైన కొంగలు. భానుమతి దారి పొడుగునా మేధ చెయ్యి పట్టుకునే ఉంది.

గట్టు మీద కారాగాక మేధ దిగలేదు. "నేనిక్కడ ఉండను నాన్నా. పెళ్ళి చేసుకోను. నన్ను వదిలెయ్యండి, ఎక్కడికైనా పోయి నా బతుకు నేను బతుకుతాను" అన్నారు.

రఘురామ్ కాలర్ పట్టి బయటికి లాగాడు. గట్టు వాలు మీద ఇద్దరూ జారి మోకాలి లోతు నీళ్ళలో పడ్డారు. లేస్తూనే అతను మేధ మెడ వెనక చెయ్యి వేసి తల నీళ్ళలోకి నొక్కాడు. పైకి లేపాడు.

"అను. ఆడపిల్లని అను."

"మేధని."

మళ్ళీ నొక్కాడు. ఈసారి ఎక్కువసేపు. నీళ్ళ మీద బుడగలు లేచాయి. లేపితే మేధ నోట్లోంచి మాట రాలేదు, బురదనీళ్ళు వచ్చాయి. కళ్ళు మాత్రం తండ్రిని చూస్తున్నాయి. అవి ఒప్పుకోలేదు. అది చూసి రఘురామ్ మొహం మారిపోయింది. ఇప్పుడతను ఏమీ అడగడం లేదు. రెండు చేతులతో నొక్కి పట్టాడు.

"ఏవండీ, వదలండీ! చచ్చిపోతారండీ! మీ కాళ్ళు పట్టుకుంటానండీ!" భానుమతి నీళ్ళలో పడి నిజంగానే కాళ్ళు పట్టుకుంది. అతను మోకాలెత్తి ఆమె రొమ్ము మీద పొడిచాడు. "నీ వంతు దీని తర్వాత" అన్నాడు. వెనక్కి పడ్డ ఆమె తల గట్టుకి కట్టి ఉన్న పడవ అంచుకి కొట్టుకుంది. లేచేటప్పుడు చేతికి పడవ నడిపే గెడ తగిలింది. విరిగిన వేలితోనే పట్టుకుంది. అప్పటికీ, ఆ క్షణాన కూడా, "తప్పుకోండి" అనే అంది. ఆ మాట నోట్లో ఉండగానే కొట్టింది.

భుజం ఎముక విరిగిన చప్పుడు ఎండు కట్టె విరిగినట్టు వినిపించింది. అతను వెనక్కి తిరిగి చెయ్యి ఎత్తాడు. ఆ చేతి మీదే మళ్ళీ కొట్టింది. అతను గట్టుకి వాలిపోయాడు. భానుమతి గెడ మళ్ళీ ఎత్తింది. భయం లేదు, జాలి లేదు. ఇంత బలం ఈ చేతుల్లో ఎప్పట్నుంచి ఉంది, చపాతీపిండి కలిపీ దుప్పట్లు పిండీ ఊరికే ఎందుకు పోగొట్టుకున్నాను అన్న కోపం ఒక్కటే ఉంది. ఈసారి తల మీదే. ఆ సంగతి ఆమెకీ తెలుసు, కింద పడి చూస్తున్న అతనికీ తెలుసు.

"అమ్మగారూ! ముందు బిడ్డని చూడండి!" షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చిన కాపలాదారు భార్య సువర్ణ అప్పటికే మేధని బోర్లా వేసి వీపు చరుస్తోంది. ఆ కేకే రఘురామ్‌ని బతికించింది. భానుమతి గెడ పడేసి బిడ్డ దగ్గరికి పరిగెత్తింది. మేధ దగ్గారు. నీళ్ళు కక్కారు. మళ్ళీ దగ్గారు.

చెరువుకి తవుడు తెచ్చిన వ్యానులోనే అందర్నీ ఏలూరు ఆసుపత్రికి చేర్చింది సువర్ణ. మేధని లోపలికి తీసుకెళ్ళారు. రఘురామ్ చేతికీ భుజానికీ కట్లు కట్టి మంచమ్మీద పడుకోబెట్టారు. కబురంది పరమేశ్వరి వచ్చింది. వెనకే పోలీసుల తరఫున రత్నమాణిక్యం అనే హెడ్ కానిస్టేబులు వచ్చింది.

"ఎవరు కొట్టారండీ మిమ్మల్ని?"

"అది కొట్టింది" అన్నాడు రఘురామ్.

"అదంటే? అక్కడ ఇద్దరున్నారట కదండీ."

అతను భార్య వైపు చూడలేదు. పెళ్ళాం చేతిలో దెబ్బలు తిన్నానని చెప్పడం కంటే అతనికి ఏదైనా సులువే. "నా కూతురు. దానికి మతి లేదు. ఆడపిల్లని కాదంటుంది. ఏదన్నా పిచ్చాసుపత్రిలో పడేసేలా రాసుకోండి" అన్నాడు.

పరమేశ్వరి భానుమతిని గోడ దగ్గరికి లాగింది. "అవునని ఊరుకో అమ్మాయ్. నీ కాపురం నిలబడుతుంది, నీ ఉద్యోగం నిలబడుతుంది. మొగుణ్ణి కొట్టిందని తెలిస్తే స్కూలు గేటు దాటనిస్తారా నిన్ను? అదెలాగూ ఎందుకూ పనికిరాకుండా పోయింది. దాని మీదికి పోనీ" అంది.

అత్తగారు చెప్పింది నిజమే. కేసయితే సస్పెండు చేస్తారు. "టీచరుగారు వచ్చారు" అనే ఆ పలకరింపు రేపట్నుంచి ఉండదు. ఇన్నేళ్ళ బతుకులో ఆమెని మనిషిగా నిలబెట్టింది అదొక్కటే. దాన్ని వదులుకోవడం ఎలాగో ఆలోచించడానికి ఆమెకి ఎంతోసేపు పట్టలేదు. తెర వెనక మేధ దగ్గు వినిపిస్తూనే ఉంది.

ఆమె వెళ్ళి రత్నమాణిక్యం ముందు నిలబడింది.

"నేను కొట్టానండీ."

"టీచరుగారట కదండీ మీరు. ఆలోచించుకుని చెప్పండి. ఒకసారి రాసుకున్నాక మార్చడం కుదరదు."

"రాసుకోండి. పడవ గెడతో నేనే కొట్టాను. నీళ్ళలో ముంచి చంపుతుంటే కొట్టాను. ఆ కాపలా అమ్మాయి చూసింది. మేధ లోపల ఉన్నారు, తను నీళ్ళు చాలా మింగారు. తనని అడిగేటప్పుడు నేను పక్కన ఉంటాను. ఇక నా కంప్లైంటు కూడా రాసుకోవాలి మీరు."

మంచమ్మీద రఘురామ్ లేవబోయి నొప్పికి మూలిగాడు. "ఏయ్, నోర్ముయ్" అన్నాడు. పరమేశ్వరి నెత్తి మీద చేతులు పెట్టుకుంది.

రత్నమాణిక్యం పెన్ను క్యాపు తీసి, మంచం వైపు తలాడించింది. "సరేనండీ. ఈయన మీకేమవుతారు?"

"నాకేమవుతాడో తర్వాత చూసుకుంటాను" అంది భానుమతి. "ముందు ఏం చేశాడో రాసుకోండి."