పేర్ల వరస

లోహిత వేరుశనగ ఆకులను ఒక్కొక్కటిగా కుళాయి కింద కడిగి, పాత దినపత్రిక మీద ఆరబెడుతోంది. ఆకుల నిండా నల్లమచ్చలు, మచ్చ చుట్టూ పసుపు వలయం. కడిగేటప్పుడు మచ్చ మీద వేలు ఆనకూడదు. ఏళ్ల తరబడి ఇదే పని. ఎంత రుద్దినా పోని పసరు గీత ఒకటి ఆమె బొటనవేలి గోటి కింద నిలిచిపోయింది. కార్వేటినగరం పక్కన ఊళ్లో వాళ్ల నాయన మునివెంకటప్ప, "మా బిడ్డ సెట్లకు డాక్టరు" అని చెప్పుకుంటాడు. ఆమె ఊరికి పోతే చాలు, తెగులు పట్టిన కొమ్మలతో జనం వాకిట్లో చేరతారు.

తిరుపతిలో మాత్రం ఆమె తాత్కాలిక అధ్యాపకురాలు. పాఠం చెప్పిన రోజుకే జీతం. వచ్చే వారం పక్కా ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. అందుకే నాలుగు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు.

"ఏమ్మే, ఇంకా ఆకులు కడగతానే ఉండావా? ఆడ మీటింగు మొదలైంది," అంది భానుశ్రీ తలుపు దగ్గర నిలబడి. ఇద్దరూ ఒకే ల్యాబులో చదివినవాళ్లు.

కొత్త పరిశోధకులకు పేపర్లు ఎలా రాయాలో, ఎక్కడ అచ్చు వేయించుకోవాలో చెప్పే మీటింగు అది. హైదరాబాదు నుంచి వచ్చిన మేడమ్ గడగడా చెప్పుకుపోతోంది. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే దొంగ పత్రికలున్నాయట. మంచివాటికి మార్కులున్నాయట. లోహితకు సగం అర్థమయ్యేలోపు ఇంకోటి వచ్చి పడుతోంది.

"మొదటి పేరు ఎవరిదో, పని వాళ్లదని లెక్క," అంది మేడమ్. "ఉద్యోగానికి పిలిచినప్పుడు చూసేది ఆ పేరే. గైడు పేరు సాధారణంగా చివర ఉంటుంది."

లోహిత పెన్ను ఆగిపోయింది. విదేశీ పత్రికలో ఆమెకు అచ్చయిన పేపరు ఒక్కటే. అందులో మొదటి పేరు ఆమె గైడు దొరస్వామి సారుది. ఆయన వేయమనలేదు. ఆమే వేసింది. పెద్దవాళ్ల పేరు పైన లేకుండా ఏదైనా అచ్చుకిస్తారా? అక్క పెళ్లి శుభలేఖలో చనిపోయిన తాత పేరును కూడా పైనే వేయించాడు నాయన. పెళ్లికూతురి పేరు ఎక్కడో నడిమధ్యన ఉంది. అయినా పెళ్లి ఎవరిదని ఎవరూ తికమకపడలేదు.

"అయితే ఆ మచ్చలన్నీ సారే లెక్కబెట్నాడు. నువ్వు ఆకులు కడిగినావు, అంతే," అని భానుశ్రీ చెవిలో నవ్వింది.

లోహిత లేచి నిలబడింది. "మేడమ్, పెద్దాయన పేరు వెనకేస్తే ఆయన నొచ్చుకోరా?"

హాలంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు. వరస మార్చమని పత్రికను అడగొచ్చనీ, పేపరులో పేరున్న ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలనీ చెప్పింది.

మీటింగు అయిపోగానే లోహిత షేర్ ఆటో ఎక్కి తిరుచానూరు పోయింది. రిటైరైన దగ్గర్నుంచీ దొరస్వామి అక్కడే ఉంటున్నాడు. ఆయన వరండాలో బనీనుతో కూర్చుని ఉన్నాడు. వెనక గోడ మీద, అమ్మవారి పటం పక్కన, ఆ పేపరు మొదటి పుట అద్దం వేసి ఉంది. అది చూసి లోహిత మెట్టు మీదే ఆగింది.

"ఏంది బిడ్డా, ఇంత ఎండలో?"

ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆయన వింటూ అరికాలు గోక్కున్నాడు.

"వయసు సూసి పత్రికోళ్లే అట్ల పెట్నారనుకున్నా గదమ్మా."

"ఈది ఈదంతా సూపించుకోనొచ్చినాడు," అని లోపలి నుంచి ఆయన భార్య దేవకమ్మ నవ్వింది. "ఆకరికి పూలంగడామెక్కూడా!"

"నువ్వుండు! నాకింక ఏ ఉద్యోగం కావాల? మార్సెయ్ బిడ్డా." ఒకసారి గోడకేసి చూశాడు. "ఇది మాత్రం ఉండనీలే."

లోహిత అక్కడే కూర్చుని పేర్ల వరస మార్చమని తన ఫోన్లోంచి పత్రికకు రాసి పంపించింది. "మీకూ ఒక మెయిలు వస్తుంది సార్. ఒప్పుకుంటున్నా అని ఉండే గడి నొక్కితే సాలు."

"నొక్కుతాలే," అని ఆయన పొయ్యి మీది పాలను కనిపెట్టుకున్నట్టు ఫోను చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఎంతకీ రాలేదు. ఆమెకు మధ్యాహ్నం క్లాసుంది. గేటు దాటుతుంటే వెనక నుంచి అన్నాడు: "రెండో పేరైనా తప్పుల్లేకుండా ఎయ్యమను!"

క్లాసు సగంలో ఉండగా దేవకమ్మ ఫోను చేసింది.

"అన్నం తిని పండుకున్యాడమ్మా. కాపీకి లేపితే లెయ్యలా."

లోహిత వెళ్లేసరికి ఆయనను చాప మీద పడుకోబెట్టారు. బనీను తీసి తెల్ల చొక్కా వేశారు. ఆమె గోడవారగా కూర్చుంది. ఏడుపు రాలేదు. పొద్దున మాట్లాడింది ఈయనేనా అనిపించింది. దేవకమ్మ కొంగులోంచి ఆయన ఫోను తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఇదేందో టింగుమంటాంది. ఎవురో సూడమ్మా."

పత్రికవాళ్లది. పైన సారు పేరు. మీ పేరు రెండోదిగా మార్చడానికి ఒప్పుకుంటున్నారా అని ప్రశ్న. కింద ఒప్పుకుంటున్నా, ఒప్పుకోను అని రెండు గళ్లు. లోహిత వేలు ఫోను అద్దం దగ్గరిదాకా పోయింది. ఆయన ఒప్పుకున్నాడు, తన చెవులతోనే వింది. కానీ ఇప్పుడు నొక్కితే ఒప్పుకునేది ఎవరు? నొక్కకపోతే ఆయన ఇచ్చిన మాట ఏమైనట్టు? వేలు వెనక్కి తీసుకుంది.

"ఎవురమ్మా?"

"పత్రికోళ్లు, అమ్మా. సార్ని ఒక మాట అడగతా ఉండారు."

"లేడని సెప్పు," అంది దేవకమ్మ.

పూలు తెచ్చినవాళ్లు లోపలికి వస్తున్నారు. లోహిత లేచి వాళ్లకు దారిచ్చి, ఫోనును కిటికీలో పెట్టి బయటికి నడిచింది. ఆయన పొద్దుటి వేలిముద్రలతో మసకబారిన ఫోను అద్దం కింద, రెండు గళ్లూ నొక్కేవాళ్లు లేక అలాగే వెలుగుతున్నాయి.