మేకు కాదు, దబ్బనం

రంధ్రం చూసి అది దేనివల్ల పడిందో చెప్పడం ఖుతుబుద్దీన్‌కు సరదా. సిద్దిపేట నుంచి దుబ్బాక పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ముప్పై ఏళ్లుగా పంక్చర్లు వేస్తున్నాడు. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు లేచే చోట బొటనవేలు ఆనించి "గిది తుమ్మముల్లు", "గిది చెప్పు మేకు" అనేవాడు. టైరులో వెతికితే అదే దొరికేది.

ఆ నెలలో నాగేశ్ మూడోసారి వచ్చాడు. పొద్దున్నే బండిని తోసుకుంటూ వచ్చి, షెడ్డు గుంజకు ఆనించి, వెనక చక్రాన్ని కాలితో తన్నాడు. భివండీలో మరమగ్గాల పని చాలించుకుని ఏడాది కింద తిరిగొచ్చిన మనిషి. వచ్చినప్పటి నుంచి ఏ పనీ చేయలేదు. భార్య ప్రవీణ టౌన్లో స్కూలు బట్టలు కుట్టే కార్ఖానాకు పోతుంది. ఆమె వెనకే బండి మీద పోయి, గేటు ముందు కూర్చుని, ఎవరితో మాట్లాడుతుందో కాపలా కాస్తాడు. ఒకసారి అందరి ముందూ జుట్టు పట్టి బయటికి ఈడ్చుకొచ్చాడు. ఖుతుబుద్దీన్ అదీ విన్నాడు. విని, వాళ్లింటి గొడవ మనకెందుకని ఊరుకున్నాడు.

"నా బండికే దొరుకుతున్నయా చాచా మేకులు?"

ఖుతుబుద్దీన్ ట్యూబు తీశాడు. టైరు లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడిమాడు. మేకు లేదు, ముల్లు లేదు. ట్యూబు మీద తను వేసిన పాత ప్యాచులు రెండు ఉన్నాయి. కొత్త రంధ్రం వాటి పక్కనే పడింది. ఆయన ముఖం వెలిగింది.

"రోడ్డు మీద మేకు గుడ్డిది నాగేశ్. యాడ తగిలితే ఆడ దిగుతది. గిది సూడు, మూడుసార్లు ఒక్క జాగలనే దిగింది. టైరు అరిగి పల్చవడ్డ కాడ. మేకు కాదు, దబ్బనం. సంచులు కుట్టేది. నిలవెట్టిన బండిని ఎవలో పొడుస్తున్నరు."

నాగేశ్ ట్యూబు చేతిలోకి తీసుకుని మూడు చోట్లా వేలితో తడిమాడు.

"నిలవెట్టిన బండిని," అన్నాడు నెమ్మదిగా. "మా వాకిట్ల."

ఆ గొంతు విన్నాక ఖుతుబుద్దీన్‌కు ఏదో తేడాగా అనిపించింది. "ఎవలో పోరగాండ్లు అయ్యుంటరు తియ్," అన్నాడు.

"బిగించు చాచా. జల్ది."

బిగించాడు. బండి వచ్చిన దారినే ఇంటి వైపు తిరిగిపోయింది.

అరగంటకు ఐలయ్య ఆటో షెడ్డు ముందు ఆగింది. "చాచా, నీళ్లు! నీళ్లు తే!" అని అరిచాడు ఐలయ్య. వెనక సీట్లో ప్రవీణ, ఆమెను పట్టుకుని పక్కింటి కొండవ్వ ఉన్నారు. ప్రవీణ పై పెదవి చీలింది. పళ్ల మీద రక్తం ఎండిపోయింది. కుడిచెయ్యి ఒళ్లో వెల్లకిలా పెట్టుకుంది. అరచేతిలో దబ్బనం దిగబడి ఉంది. దాని మొన అవతలి వైపు పొడుచుకొచ్చి చీర కుచ్చెళ్లలో చిక్కుకుంది.

"గుంజితే రక్తం ఆగదని గుంజలే," అంది కొండవ్వ. "పిల్ల చెయ్యి దర్వాజ కడపకు అదిమిపట్టి సుత్తెతోని కొట్టిండు చాచా. ఎన్నిసార్లు పొడిచినవే, చెప్పు, చెప్పు అనుకుంట కొట్టిండు. అడ్డం పోతే నన్ను కడుపుల తన్నిండు."

ఖుతుబుద్దీన్ చెంబు అందించాడు. ప్రవీణ నీళ్లు తాగలేదు. ఆయన్నే చూసింది.

"నువ్వే చెప్పినవట గద చాచా."

"నువ్వని నాకు తెల్వది బిడ్డా. అల్లా మీద ఒట్టు, తెల్వది."

"బండి నడువని దినమే నేను భయం లేకుంట పని చేసుకుంటుంటి."

చీలిన పెదవితో మాట ముద్దగా వచ్చింది. ఆటో కదిలింది.

షెడ్డు వెనకే ఇల్లు. భార్య అక్తరున్నీసా ఆయన చెప్పిందంతా వింది.

"బుడగ సూసి మేకు పేరు చెప్తరు మీరు," అంది. "ఆ పిల్ల మొఖం మీద వాతలు ఏడాది సంది సూస్తనే ఉన్నరు. గవి దేనియో ఒక్కదినమన్న అడిగిన్రా?"

ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

మిషను కుడుతుంటే చేతిలో దిగిందని ప్రవీణ దవాఖానలో రాయించింది. నిజం చెబితే ఆమె అన్న ఇంటికి నిప్పు పెడతానని నాగేశ్ మంచం పక్కనే నిలబడి చెప్పాడు మరి. చేతికి కుట్లు వేసి ఇంటికి పంపారు.

ఎనిమిదో రోజు పగటిపూట నాగేశ్ మళ్లీ వచ్చాడు. బండి వెనక రిమ్ము రోడ్డు మీద గీసుకుంటూ వస్తోంది. టైరు పక్కభాగం జానెడు పొడవున కోసి ఉంది. అందులోంచి ట్యూబు బయటికి వేలాడుతోంది. హ్యాండిలుకు తగిలించిన సంచిలో కొడవలి పిడి కనబడుతోంది.

"దీంతోనే కోసింది చాచా. ఒక్క చెయ్యితోని కోసి, దుబ్బాక బస్సెక్కి పోయింది. వాళ్లన్న సారయ్య ఇంటికి. జల్ది చెయ్యి. అదే కొడవలి దాని మెడ మీద పెడ్త. ఇయ్యాల ఇద్దర్ని కోస్త."

ఖుతుబుద్దీన్ వంగి టైరు చూశాడు. "అతకది నాగేశ్. కొత్త టైరు కావాలె."

"అబద్ధం చెప్తున్నవ్. పోయిన ఎండకాలం గిట్లనే చీలితే లోపట పాత టైరు ముక్క పెట్టి నడిపిచ్చినవ్. దుబ్బాక దాకా నడిస్తే సాలు. చెయ్యి."

నిజమే. ముక్క షెడ్డులోనే ఉంది, ట్యూబు కూడా ఉంది. ఇరవై నిమిషాల పని. ఖుతుబుద్దీన్ నడుము నిలబెట్టాడు.

"అయితది," అన్నాడు. "కని నేను చెయ్య."

మొదటి దెబ్బ చెంప మీద పడింది. టోపీ ఎగిరి మట్టిలో పడింది. రెండోది కడుపులో. ఆయన బండి మీదే కూలి, చక్రాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. నాగేశ్ నేల మీదున్న ఇనుప లివరు అందుకున్నాడు, రోజూ టైర్లు ఊడదీసేదాన్నే.

"చేస్తవా, చెయ్యవా?"

"చెయ్య."

లివరు కుడి ముంజేతి మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు రోడ్డవతలి చాయ్ హోటలు దాకా వినబడిందని తర్వాత చెప్పుకున్నారు. ఖుతుబుద్దీన్ అరిచాడు. చక్రం వదల్లేదు. నాగేశ్ మళ్లీ అదే చేతి మీద కొట్టాడు. ఈసారి వేళ్లు వాటంతట అవే విడిపోయాయి.

"ఉంచుకో నీ టైరు. నీ స్కూటరు తాళం ఇయ్యి," అంటూ నాగేశ్ షెడ్డు పక్కన నిలబెట్టిన స్కూటరు వైపు చూసి, ఆయన జేబులో చెయ్యి పెట్టబోయాడు. ఖుతుబుద్దీన్ ఎడమచేత్తో తాళం తీసి ఎదురుగా ఉన్న నీళ్ల తొట్టిలోకి విసిరాడు. నల్లటి నీళ్లలో అది కనబడకుండా పోయింది. నాగేశ్ ఆయన్ని మొహం మీద తన్ని, తొట్టి ముందు మోకరిల్లి, భుజం దాకా చెయ్యి ముంచి వెతకసాగాడు.

అరుపు విని అక్తరున్నీసా ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చింది. మట్టిలో భర్త పడి ఉన్నాడు. నోట్లోంచి రక్తం కారుతోంది. చెయ్యి మోచేతి కింద ఇంకోవైపు తిరిగిపోయి ఉంది. హ్యాండిలుకు కొడవలి సంచి వేలాడుతోంది. ఆమె రిమ్ముల వంకరలు తీసే పెద్ద సుత్తె రెండు చేతులా ఎత్తింది. నాగేశ్ తాళం దొరికించుకుని లేస్తున్నాడు. సుత్తె అతని మోకాలి చిప్ప మీద పడింది. అతను తొట్టితో సహా పక్కకి ఒరిగిపోయాడు. నీళ్లన్నీ మీద పడ్డాయి. పాకుతూ కొడవలి కోసం చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతి మీద ఇంకో దెబ్బ వేసింది. మూడోసారి సుత్తె అతని తల మీదికి లేచింది.

"అక్తర్!" అన్నాడు ఖుతుబుద్దీన్. "వద్దు. సస్తడు."

సుత్తె గాల్లోనే ఆగింది. అప్పటికి చాయ్ హోటలు నుంచి ఐలయ్యతో పాటు నలుగురైదుగురు ఉరికొచ్చారు. నాగేశ్ చేతులు వెనక్కి విరిచి పాత ట్యూబుతో కట్టేశారు. పోలీసులు వచ్చేదాకా అతను తిడుతూనే ఉన్నాడు, అక్తరున్నీసానూ, ప్రవీణనూ, ఆటో ఐలయ్యనూ.

పోలీసులు అక్తరున్నీసాను కూడా స్టేషనుకు పిలిచి రెండు రోజులు అడిగారు. చూసినవాళ్లంతా ఒకే మాట చెప్పడంతో వదిలేశారు. నాగేశ్‌ను జైలుకు పంపారు. ప్రవీణ అన్నతో కలిసి స్టేషనుకు వచ్చి, కుట్లు ఉన్న చెయ్యి చూపించి, ఈసారి జరిగింది జరిగినట్టు రాయించింది.

అక్కడి నుంచి నేరుగా దవాఖానకు వచ్చింది. ఖుతుబుద్దీన్ విరిగిన ఎముకకు ఉక్కు ప్లేటు వేశారు. మునుపటిలా పట్టు రాదని డాక్టరు చెప్పాడు. ఆమెను చూడగానే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆ పొద్దు నేను నోరు మూసుకుంటే బాగుండు బిడ్డా."

కాదు చాచా, అంటుందేమోనని అక్తరున్నీసా ఆమె వైపు చూసింది.

"అవ్ చాచా," అంది ప్రవీణ. "మూసుకుంటే బాగుండు."

తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది. మంచం పక్కనున్న ఫ్లాస్కు మూతను పళ్లతో తిప్పి తీసి, ఎడమచేత్తో అందులోకి చాయ్ వంచి, ఆయన ఎడమచేతికి అందించింది.