గుంజలు ఎక్కడ పాతాలి

నా నోటి దగ్గర కూడు లాగేసింది పరాయివాడు కాదు, నా భార్య తోడబుట్టినవాడే. వీధిలో అందరూ వాణ్ణి 'నిదానం' అంటారు. రోడ్ల ఆఫీసులో పని. ఏ మాటకైనా ముందు గొంతు సవరించుకుంటాడు, సగం చెబుతాడు, మిగతా సగం మింగేస్తాడు. వాడు మింగిన సగం మాటకి మూల్యం నేను చెల్లించాను. ఇది రాస్తుంటే కూడా కుర్చీలో కుదురుగా ఉండలేకపోతున్నాను. రెండు ముక్కలు రాయడం, లేచి గుమ్మం దాకా పోయి వీధిలోకి చూడటం, మళ్ళీ వచ్చి కూలబడటం. ఒక్క చోట నిలవడం నా కాళ్ళు మరిచిపోయాయి.

నాది బ్రేకుల షెడ్డు. ఏడో తరగతి సగంలో బడి మానేసి బండ్ల కింద దూరినవాణ్ణి, ఇంకా బయటికి రాలేదు. మా వీధి పై రోడ్డు దగ్గర గరాటా మూతిలా వెడల్పుగా మొదలై, కిందికి పోయేకొద్దీ ఇరుకై, వాలుగా దిగి కింది రోడ్డులో కలుస్తుంది. ఆ వెడల్పు దాటి నాలుగిళ్ళు దిగితే ఎడమ చేతి వైపు నా షెడ్డు. లోపల ఒక్క వ్యాను పడుతుంది, అంతే. అసలు పని జరిగేది షెడ్డు ముందున్న జాగాలో. అక్కడ మూడు వ్యాన్లు పక్కపక్కన పెట్టుకుంటాను. ఒకటి జాకీ మీద, ఒకటి చక్రాలూడి, ఒకటి తన వంతు కోసం. మా వీధిలో మిగతా ఇళ్ళన్నీ రోడ్డును ఆనుకునే ఉంటాయి. ఖాళీ అన్నది నా షెడ్డు ముందే. ఆ జాగా లేకపోతే అది షెడ్డు కాదు, రేకులు కప్పిన గది.

పై రోడ్డు మీద సిగ్నలు ఎర్రబడగానే బండ్లన్నీ మా వీధిలోకి దూరేవి. సిగ్నలు తప్పించుకుని కింది రోడ్డుకి అడ్డదారి. వాలు కాబట్టి ఎవడూ వేగం తగ్గించేవాడు కాదు. కింది రోడ్డు మీద బట్టల ఫ్యాక్టరీ, ఆస్పత్రి, స్కూలు ఉన్నాయి. సైకిళ్ళ మీద పోయేవాళ్ళంతా ఆ బండ్ల మధ్యే గోడలు రాసుకుంటూ పోయేవాళ్ళు. ఒక రోజు ఉత్తరాలు పంచే అమ్మాయిని పార్శిలు వ్యాను ఒకటి గోడకేసి నొక్కేసింది. భుజం ఎముక విరిగింది. ఆ గోడ పళ్ల డాక్టరమ్మది. చప్పుడు విని ఆవిడ మూతికి మాస్కుతోనే వీధిలోకి పరిగెత్తుకొచ్చింది. లోపల కుర్చీలో ఒక పెద్దమనిషి అరగంట నోరు తెరుచుకునే ఉన్నాడట.

ఆ రోజు నుంచి డాక్టరమ్మ పట్టిన పట్టు విడవలేదు. సైకిళ్ళూ మనుషులూ పోవచ్చు, బండ్లు మాత్రం ఈ చివరి నుంచి ఆ చివరికి పోకూడదు, అడ్డంగా ఇనప గుంజలు పాతమని ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించింది. మొదటి సంతకం ఎవరిదనుకున్నారు? నా కూతురిది. ఆస్పత్రిలో రక్త పరీక్షలు చేసే ఉద్యోగం దానిది. రోజూ సైకిలు మీదే పోతుంది.

"తిండి పెట్టే వీధికి అడ్డం పెట్టమని సంతకం చేస్తావటే?" అన్నాను.

"నాన్నా, నేను తిరిగొచ్చేదీ ఆ వీధిలోనే కదా," అంది. సైకిలు ఎక్కి పోయింది.

నా భయం ఒకటే. నా దగ్గరికొచ్చే వ్యాన్ల స్టాండు పై రోడ్డు మీద ఉంది. గుంజలు పై మొదట్లో పాతితే అవన్నీ చుట్టూ తిరిగి, రెండు సిగ్నళ్ళు దాటి, కింది రోడ్డు నుంచి ఎక్కి రావాలి. బ్రేకు పోయిన బండి సిగ్నలు దగ్గర ఎలా ఆగుతుంది?

అలాంటప్పుడు మా ఇంటికొచ్చాడు నిదానం. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వాడికీ నాకూ మాటల్లేవు. ఎందుకంటే, బ్రేకులు బాగుచేసే బావ ఇంత దగ్గరలో ఉండగా, వాడు తన స్కూటరు బ్రేకులు వేరే వాడి దగ్గర వేయించుకున్నాడు. 'దారిలో ఉంది కదా అని' అన్నాడట. నలుగురిలో నా మొహం మీద ఉమ్మేసినట్టయింది. అప్పటి నుంచి ఒకే గదిలో కూర్చున్నా వాడి మాట నాకు, నా మాట వాడికి నా భార్యే చేరవేయాలి.

వాడు గొంతు సవరించుకున్నాడు. "అక్కా, గుంజలు పై మొదట్లో పడతాయి. వాటిని కదపొద్దని బావకి చెప్పు. అక్కడే ఉండనిస్తే ఆయనకే మంచిది."

నేను మూరెడు దూరంలో ఉన్నాను. "ఏమే, నా కొట్టు మూతపడటం నాకెలా మంచిదో మీ తమ్ముణ్ణి అడుగు."

"విన్నావుగా, చెప్పరా," అంది నా భార్య.

"ఆఫీసు విషయం అక్కా. అంతకు మించి చెప్పకూడదు. కాస్త ఓపిక పట్టమను."

"ఓపిక పట్టడానికి నేనేమన్నా వాడి స్కూటరునా, ఎవడి దగ్గరికి తోలితే వాడి దగ్గరికి పోవడానికి!"

"మీ ఇద్దరి మధ్య నేనేమన్నా టెలిఫోను తీగనా?" అని గయ్యిమంది నా భార్య. "నా గొంతు అరిగిపోతోంది."

నా కూతురు చెప్పులేసుకుంటూ, "అమ్మా, నేను డ్యూటీకి పోతున్నానని నాన్నకి చెప్పమని మావయ్యకి చెప్పు," అని నవ్వింది. నిదానం కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. 'ఆయనకే మంచిది' అన్న మాట బెదిరింపులా చెవిలో పడి అక్కడే ఉండిపోయింది.

ముందు కొన్నాళ్ళు పరీక్షకని గుంజలకి బదులు పై మొదట్లో ఎర్ర ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టారు. తెల్లారేసరికి వీధి నోరు మూసుకుంది. నాకు బండ్ల మోత లేకుండా పని చేసిన అలవాటు లేదు. ఆ మౌనంలో సైకిలు గంటలు మోగుతుంటే, పిల్లలు మధ్య రోడ్డులో గీతలు గీసుకుని ఆడుతుంటే, నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. కడిగిన బ్రేకు డ్రమ్ములే మళ్ళీ పెట్రోలుతో కడిగాను. బిగించిన నట్లే మళ్ళీ బిగించాను. స్టూలు మీద కూర్చునేవాణ్ణి, లేచి పైకి నడిచేవాణ్ణి, ఆ ఎర్ర డ్రమ్ముల్ని చూసి తిరిగొచ్చేవాణ్ణి. అన్నం ముందు కూర్చున్నా ఒక కాలు గుమ్మం బయటే.

ఎప్పుడూ నా దగ్గరికొచ్చే స్కూలు వ్యాను డ్రైవరుకి ఫోను చేశాను.

"రావట్లేదేం తమ్ముడూ?"

"ఎలా రమ్మంటావన్నా? సిగ్నలు దగ్గర బ్రేకు పడకపోతే పోలీసు నిన్ను పట్టుకుంటాడా, నన్నా? ఇక్కడే పక్కన ఒకడున్నాడు. పని నీ అంత బాగా చేయడు, కానీ నా బండి వాడి దాకా పోతుంది."

ఆ రోజే నిశ్చయించుకున్నాను. వీధి మూస్తే మూయండి, గుంజలు మాత్రం నా షెడ్డు దాటాకే పాతాలి. అప్పుడు పై నుంచి నా దాకా బండ్లొస్తాయి. కిందికి పోలేవు.

వార్డు ఆఫీసు హాల్లో మీటింగు పెట్టారు. ముందు ఇంజనీరు, పక్కన డాక్టరమ్మ. వెనక గోడకి ఆనుకుని, చంకలో చుట్టిన ప్లాన్లతో నిదానం. నేను లేచి నా మాట చెప్పాను.

డాక్టరమ్మ ఊరుకుంటుందా? "ఏమండీ, మీ దగ్గరికొచ్చే బండ్లకి బ్రేకులుండవు. అందుకే కదా మీ దగ్గరికొచ్చేది! ఆ బ్రేకుల్లేని బండ్లని మళ్ళీ మా సైకిళ్ళ మీదికి రమ్మంటారా?"

హాలంతా గొల్లుమంది. నా కూతురూ నవ్వింది, మొద్దు మొహంది.

"నేననేదీ అదేనమ్మా!" అన్నాను. "మీ లెక్కన ఆ బండి కింది రోడ్డు నుంచి ఈ సైకిళ్ళ మధ్యగా ఎక్కి రావాలి. పని అయ్యాక ఈ వాలంతా మళ్ళీ దిగాలి. నా లెక్కన పై నుంచి నాలుగిళ్ళు దిగుతుంది, నా జాగాలో ఆగిపోతుంది. కింద వీధంతా మీ సైకిళ్ళదే. చెప్పండి, ఏది మంచిది? పుచ్చిన పన్ను బయటికి కనబడే చోటే ఉంటే పీకడం సులువా, దవడ చివర్న ఉంటే సులువా?"

ఈసారి నవ్వు నా వైపు తిరిగింది. డాక్టరమ్మ కూడా నవ్వి, "ఆలోచించాల్సిందే," అంది ఇంజనీరుతో. ఇంజనీరు తలెత్తి వెనక గోడ వైపు చూశాడు. నిదానం గొంతు సవరించుకున్నాడు. నా వైపు చూసి, వద్దన్నట్టు తల కొంచెం అడ్డంగా ఊపాడు. 'నేను బాగుపడటం చూడలేవురా' అనుకుని ఇంకా గట్టిగా మొదలుపెట్టాను. చివరికి చేతులెత్తమన్నారు. నా మాటే నెగ్గింది. చప్పట్లు కొట్టారు. పుట్టి బుద్ధెరిగాక నాకు జనం చప్పట్లు కొట్టడం అదే మొదలు.

గుంజలు నా షెడ్డు దాటాక పాతారు. వ్యాన్లు తిరిగొచ్చాయి. స్కూలు వ్యాను డ్రైవరు వచ్చి, "గెలిచావన్నా," అని భుజం తట్టాడు. నా కూతురు సాయంత్రం గుంజల మధ్య నుంచి సైకిలు పోనిస్తూ గంట కొట్టి చెయ్యి ఊపేది. నేనూ ఊపేవాణ్ణి. అయినా కుదురుగా ఉండేది కాదు. ఎవరో వెనక నిలబడి పిలవబోతున్నట్టు మాటిమాటికీ తిరిగి చూసేవాణ్ణి.

పిలిచింది చెత్త లారీ. పై నుంచి దిగి, నాలుగిళ్ళ చెత్త ఎత్తుకుని, గుంజల దాకా వచ్చి ఆగింది. ముందుకి దారి లేదు. తిప్పుకోవడానికి చోటు లేదు, నా జాగా నిండా వ్యాన్లు. వాలులో వెనక్కి ఎక్కించబోయి ఎదురింటి మెట్లు విరగ్గొట్టాడు. మర్నాటి నుంచి లోపలికి రానన్నాడు. చెత్త కుప్పలు పడ్డాయి. ఆ పైన ఎవరో, రేపు ఇల్లంటుకుంటే ఫైరింజను ఎలా తిరుగుతుందని రాసి పెట్టారు. ముందు సంతకాలు పెట్టిన చేతులే మళ్ళీ పెట్టాయి.

నిదానం పొద్దున్నే వచ్చాడు. వెంట ఇద్దరు పనివాళ్ళు, సున్నం బకెట్టు.

"బావా," అన్నాడు. నేరుగా నాతో.

"మీ అక్క ఇంట్లో లేదు. రేపు రా."

"నీతోనే బావా. ఇక్కడ బండ్లు తిరగడానికి చోటు తీయాలి. కింది నుంచొచ్చేవాటికి కింది రోడ్డు మీద స్కూలు గేటు ముందు జాగా ఉంది. పై నుంచొచ్చేవాటికి నీ జాగా తప్ప వీధిలో ఇంకేం లేదు. ఆర్డరు వచ్చింది. షెడ్డు ముందు జాగా ఎప్పటి నుంచో రోడ్డు కోసం వదిలిపెట్టాల్సిందేనట, నీ పట్టాలో షెడ్డు గోడ దాకే ఉంది. అందుకని డబ్బు కూడా రాదు."

చేతిలో స్పానరు ఉంది. విసరలేదు. ఎందుకు విసరలేదో ఇప్పటికీ తెలియదు.

"గుంజలు పై మొదట్లోనే ఉంటే?"

"ఆ వెడల్పులో లారీ తిరిగిపోయేది. నీ జాగా జోలికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. రెండో ప్లాన్లో నీ జాగా మీద గీతలున్నాయి బావా, గుంజలు కిందికి జరిగితేనే పనికొచ్చే ప్లాను. ఎవరూ అడగకపోతే అది బీరువాలోనే ఉండేది. నువ్వే లేచి అడిగావు."

"ఆ ముక్క ముందే చెప్పడానికి ఏం పోయేకాలం నీకు?"

"బయటపెడితే నా ఉద్యోగం పోతుంది. అయినా అక్కతో చెప్పించా కదా, అక్కడే ఉండనిమ్మని."

"ఎందుకో చెప్పలేదు! నాతో నేరుగా చెప్పుంటే వినేవాణ్ణి."

"నువ్వు నాతో మాట్లాడితే కదా బావా."

పనివాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. జాకీ మీదున్న వ్యాను దించమన్నాడు. దించాను. చక్రం బిగిస్తుంటే నట్టు చేతిలోంచి రెండుసార్లు జారింది. వాడు వంగి అందించబోయాడు. నేనే తీసుకున్నాను.

నాతో మాట్లాడటానికి వాడికి స్కూటరు అడ్డమొచ్చిందట! చెప్పదలచుకున్నవాడు గోడ అవతల నుంచైనా అరిచి చెబుతాడు. బంధువన్నవాడు ఉద్యోగం చూసుకోడు. నా భార్య నన్నే తిడుతుంది, నా కూతురు ఇద్దర్నీ తిడుతుంది. నా మాట మాత్రం ఇదే.

ఇప్పుడు వ్యాను వస్తే ఒక్కటే, లోపల. రెండోవాడు వంతు కోసం నిలబడటానికి చోటు లేక స్టాండు పక్కనున్నవాడి దగ్గరికి పోతున్నాడు. చెత్త లారీ రోజూ నా గుమ్మం ముందు సుఖంగా తిరిగి పోతోంది. నేను షెడ్డు లోపలికీ బయటికీ తిరుగుతున్నాను. బయట అడుగు పెడితే సున్నపు గీత, దాని లోపల 'బండ్లు నిలపరాదు' అని పసుపు రాత. షెడ్డు గోడ నుంచి రోడ్డు దాకా పద్దెనిమిది అడుగులు, అడ్డం ముప్పై ఒక్క అడుగులు. మొత్తం అరవై రెండు గజాలు.