పదకొండో వారం

మా అక్క ఫణిశ్రీ పోయిన నెలకి, ఆమె కూతురు వినీల తణుకు నుంచి నిడదవోలులోని మా ఇంటికి ఒక బైండు పుస్తకం తెచ్చింది. వారపత్రికలో వచ్చిన సీరియల్ పేజీలు కత్తిరించి అక్క కుట్టించుకున్న నవల అది. ఆ సీరియల్ వచ్చే రోజుల్లో నాకు తొమ్మిదేళ్లు, అక్కకి పధ్నాలుగు. తను పైకి చదివితే నేను వినేదాన్ని.

ఆ కథలో ఒక రేవు ఉంటుంది. అక్కడ పడవెక్కి గోదావరి దాటితే, దిగేది మళ్లీ ఎక్కిన రేవులోనే. అదే ఊరు, అవే ఇళ్లు. కాని ఎవరూ మనల్ని గుర్తుపట్టరు. అక్కాచెల్లెళ్లు ఇద్దరు దాటుతారు. చెల్లెలు తప్పిపోతే అక్క వెతుక్కుంటూ వచ్చి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోతుంది. ముప్పై ఎనిమిదేళ్ల తరవాత ఆ ఒక్క ఘట్టం కోసమే పుస్తకం తెరిచాను.

అది లేదు. పదో వారం తరవాత పన్నెండో వారం వచ్చింది. మధ్యలో బ్లేడుతో కోసిన అంచులు మిగిలాయి.

వినీల ఫోన్‌లో వెతికి ఆ పాత సంచిక పట్టుకుంది. చదివాను. అక్క, చెల్లెలు సంతలో ఎదురుపడతారు. అక్క చెల్లెల్ని గుర్తుపట్టదు. ఒక్కతే పడవెక్కి వెళ్లిపోతుంది.

నేను ఇన్నేళ్లూ దాచుకున్నది మా అక్క అల్లి చెప్పినది. అందులో ఒక్క వాక్యమైనా తన మాటల్లో గుర్తులేదు.

"అమ్మ నాకూ చెప్పింది కదా ఈ కథ," అంది వినీల. "చెల్లెలు వచ్చి అక్కని తీసుకెళ్తుంది."

"కాదే. అక్కే వస్తుంది."

"నాకు చెల్లెలనే చెప్పింది పిన్నీ. 'మీ పిన్ని రోడ్డు దాటడానికే పది నిమిషాలు అటూ ఇటూ చూస్తుంది, అది ఏరు దాటి రావాలంటే ఎప్పటికవుతుందో' అని నవ్వేది."

ఏప్రిల్‌లో అక్క రాజమండ్రి ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీలో ఉన్నాను. ఇంకో రెండు కట్టలున్నాయి, రేపు వస్తానని ఫోన్‌లో చెప్పాను. మర్నాడు వెళ్లాను. మంచం ఖాళీగా ఉంది.

"ఆ చెల్లెలు వేళకి వస్తుందా?" అని అడిగాను.

వినీల నా వైపు చూసి, చూపు తిప్పుకుంది.

"ఆలస్యంగానే వస్తుంది. అక్క రేవు మెట్ల మీద కూర్చుని ఉంటుంది. ఊళ్లో వాళ్లంతా 'ఎవరూ రారమ్మా, లే' అంటారు. ఈవిడ లేవదు."

"తరవాత?"

"తరవాతది సరిగ్గా గుర్తులేదు పిన్నీ. ఎప్పుడూ అక్కడే నిద్రపోయేదాన్ని."

"గుర్తున్నంతే చెప్పు," అన్నాను. "మొదటి నుంచి చెప్పు. అమ్మ ఎలా అనేదో అలాగే."

వినీల కుర్చీ దగ్గరికి లాక్కుంది.