అమావాస్యకు మొరాయించే బండి

నారాయణగూడ చౌరస్తా దగ్గర బేరింగులు, బెల్టులు అమ్మే బాలకిషన్ ముప్పై రెండేళ్ల వ్యాపారంలో ఒక్క సరుకు దగ్గరే లెక్క తప్పాడు. అది అమ్ముడుపోక కాదు, అమ్మబుద్ధి కాక.

రెండేళ్ల కిందట విద్యానగర్‌లో మూతపడిన ఒక షెడ్డు సామానంతా గంపగుత్తగా కొన్నాడు. లేతు మిషను ఎవరికి పోతుందో, జాకీలు ఎవరు ఎత్తుకుంటారో, తుప్పు డ్రమ్ములు ఏ బండి ఎక్కుతాయో కొనకముందే మనసులో పంచేశాడు. మూలన టార్పాలిన్ కింద ఉన్న ఎర్ర కారును మాత్రం అన్నిటికంటే చివర చూశాడు. రెండే తలుపులు. నేలకు ఆనుకున్నట్టుండే ఒళ్లు. మీట నొక్కితే రెప్పలు తెరిచినట్టు పైకి లేచే లైట్లు. ఎప్పుడో గల్ఫ్ నుంచి ఓడలో వచ్చిన జపాన్ బండి అది. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. నెల తిరక్కుండా సాగనంపాలనుకుని చిక్కడపల్లి సందులో గ్యారేజీ నడిపే నాగేందర్‌ని పిలిపించాడు.

నాగేందర్ బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. కిందికి దూరి చూశాడు. లేచి చేతులు తుడుచుకున్నాడు.

"సేట్, ఇంజన్ కనబడ్తున్నది గని, పిస్టన్లు ఎక్కడ పెట్టిన్రో సమజ్ అయితలేదు."

పిస్టన్లు లేవు. మామూలు ఇంజనులో పిస్టన్లు కిందికీ మీదికీ కొట్టుకుంటే, ఆ కొట్టుకోవడాన్ని తిప్పడంగా మార్చుకుంటారు. దీంట్లో కొట్టుకునేది ఏదీ లేదు. మూడు మూలల ఇనుప దిమ్మలు రెండు, ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతాయి, అంతే. ఆ సంగతి తెలిసిన రోజే బాలకిషన్ దానికి దొరికిపోయాడు. బేరింగు మంచిదో కాదో అతను డబ్బా మీద పేరు చూసి చెప్పడు. వేలికి తగిలించి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. గరగర లేకుండా సన్నగా జారిపోయే చప్పుడుంటేనే గిరాకీ చేతిలో పెడతాడు. నాలుగు రోజుల కుస్తీ తర్వాత బండి స్టార్టయినప్పుడు అదే చప్పుడు వినిపించింది, వెయ్యి రెట్లు పెద్దగా. జీవితమంతా తిరిగే సామానే అమ్మినవాడికి, తిరగడం తప్ప ఇంకేమీ తెలియని ఇంజను దొరికింది.

అప్పటినుంచి అతని పద్ధతులన్నీ తలకిందులయ్యాయి. కదలని సరుకు కొట్టులో ఉంచకూడదని పది మందికి చెప్పే మనిషి, ఎప్పుడు పనికొస్తాయో తెలియని, ఆ దిమ్మల అంచులకు బిగించే సీళ్లను పరదేశం నుంచి తెప్పించి, మెత్తని గుడ్డలో చుట్టి గల్లా వెనక అరలో దాచాడు. ఆ ఇంజను పెట్రోలుతో పాటు ఆయిలు కూడా తాగుతుంది. అది జబ్బు కాదు, దాని తయారీయే అంత అని తేలేసరికి నాగేందర్‌కు మూడు నెలలు పట్టింది. ప్రతి ఆదివారం పొద్దున బాలకిషన్ గేజు పుల్ల లాగి చూసి, తగ్గినంత పోస్తాడు. అశోక్ నగర్‌లో అతని ఇంటి ఎదురు హాస్టల్లో ఉండి సర్కారు పరీక్షలకు చదివే పిల్లలు చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చి చుట్టూ నిలబడతారు. అంకుల్, దీన్ని ఎందుకు పెట్టుకున్నరు అని వాళ్లు అడిగితే అతను గేజు పుల్ల తుడుచుకుంటాడు. నిజానికి అతని ప్రశ్న కూడా అదే.

చిక్కంతా అమావాస్యతో వచ్చింది.

బాలకిషన్ భార్య కమల ప్రతి అమావాస్య పొద్దున ఇంట్లో ఉన్న బండ్లకు దిష్టి తీస్తుంది. స్కూటరుకు, కొట్టు సామాను మోసే ఆటో ట్రాలీకి, ఈ కారుకు. పసుపు కుంకుమ పెట్టి, హారతిచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంది. బండి స్టార్టు చేసి అడుగు ముందుకు కదిపి, కాయలు చితకగానే ఆపేయాలి. తర్వాత టిఫిను తిని, తొమ్మిదిన్నరకు కొట్టుకు బయల్దేరాలి. స్కూటరు బయల్దేరుతుంది, ట్రాలీ బయల్దేరుతుంది. కారు మాత్రం ఎంత తాళం తిప్పినా గుర్రుమని ఊరుకుంటుంది.

నాగేందర్ వచ్చేవాడు. నాలుగు ప్లగ్గులు విప్పేవాడు. నాలుగూ పెట్రోలులో తడిసి ఉండేవి. వాటిని ఎండబెట్టి, ఆ కన్నాల్లో చెంచాడు ఆయిలు పోసి, హాస్టల్ పిల్లల చేత తోయించేవాడు. వీధంతా నీలం పొగ కమ్ముకున్నాక బండి లేచేది. ఒకసారి కాయిలు అన్నాడు, ఒకసారి బ్యాటరీ అన్నాడు, ఒకసారి బంకువాడి పెట్రోలు మీద అనుమానపడ్డాడు, ఒకసారి ఎలుకలన్నాడు. బాలకిషన్ అన్నీ మార్పించాడు, ఎలుకల బోను కూడా పెట్టాడు. మూడు వారాలు బండి గువ్వలా నడిచేది. మళ్లీ అమావాస్య వచ్చేది. ఫోనులో వెతికితే వంద మంది వంద మాటలు చెప్పారు. అన్నీ చదివాక, చదవకముందు తెలిసింది కూడా పోయింది.

లెక్క రాసుకుంటే ఏదో ఒకటి తేలుతుందని ఈ ఏడాది మొదట్నుంచీ ఇంట్లో గోడ క్యాలెండర్ మీద గుర్తులు పెట్టాడు. స్టార్టయిన రోజు టిక్కు, కాని రోజు ఎర్ర సున్న. ఆ పని చేయకుండా ఉండాల్సిందని తర్వాత అనుకున్నాడు. ఎందుకంటే క్యాలెండర్‌లో తిథులుంటాయి, ఇంట్లో తిథులు చూసేది కమల.

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమావాస్య నాడు బండి మళ్లీ పడుకుంది. బతుకమ్మకు పూలు కోస్తున్న కమల కత్తెర పక్కన పెట్టి, క్యాలెండర్ ముందు నిలబడి జనవరి నుంచి ఒక్కొక్క కాగితం తిప్పింది.

"తొమ్మిది అమాసలు వచ్చినయి. ఎనిమిదింటికి సున్న పెట్టిన్రు. ఇది ప్లగ్గుల కత కాదు. పూజ గిట్టని బండి ఇది."

బాలకిషన్ మే నెల కాగితం చూపించాడు. ఆ అమావాస్యకు టిక్కు ఉంది కదా అన్నాడు.

"ఆ రోజు మీరు పొద్దుగాల్నే విద్యానగర్ పోయొచ్చిన్రు, యాది లేదా? వచ్చినంక పూజ చేసినం. దాని పాత జాగ చూసుకున్నది, శాంతించింది. అంతకుముందు దాన్ని ఎవరు నడిపిన్రో, వాళ్లకేమయిందో మనకెవరికన్న తెలుసా?"

తెలియదు. గంపగుత్త సరుకుకు గోత్రం అడగరు. కమల కోపంగా చెప్పి ఉంటే వాదించేవాడు. ఆమె భయపడుతూ చెప్పింది. దసరా పూజ దాకా చూస్తానని, ఆ రోజు కూడా మొండికేస్తే ఇంటి ముందు ఆ బండి ఉండకూడదని, ఇంక తన వల్ల కాదని చెప్పి పూల దగ్గరికి వెళ్లింది. అతను సరేనన్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఒక వస్తువును వద్దన్నది ఇదే మొదటిసారి. కాదనడానికి అతని దగ్గర ఒక్క గట్టి కారణమూ లేదు.

హిమాయత్‌నగర్ ఉదయ్ కుమార్‌కు కబురు చేశాడు. పాత కార్లు కూడబెట్టే మనిషి, ఏడాది నుంచి ఈ బండి మీద కన్నేసి ఉన్నాడు. దసరా పొద్దున రమ్మన్నాడు. పూజయ్యాక స్టార్టు కాకపోతే తీసుకుపోవచ్చు, స్టార్టయితే ఒక చాయ్ తాగి వెళ్లిపోవాలి. విచిత్రమైన బేరమని ఉదయ్ కుమార్ నవ్వి ఒప్పుకున్నాడు.

ఆ పది రోజులూ బాలకిషన్ కొట్టులో గిరాకీలకు ఒకటడిగితే ఒకటిచ్చాడు. బండి పోతే పోయే నష్టమేమిటని కూర్చుని ఆలోచిస్తే ఏమీ తేలలేదు. దానివల్ల లాభం లేదు, అవసరం లేదు, సామాను పట్టదు, మూడో మనిషికి చోటు లేదు. అయినా ఆ చప్పుడు రేపటినుంచి వినపడదని తోచినప్పుడల్లా గల్లా వెనక అరలోని సీళ్ల మూట విప్పి చూసి మళ్లీ చుట్టేవాడు.

దసరాకు రెండు రోజుల ముందు క్యాలెండర్ మళ్లీ చూశాడు. సున్నలు తొమ్మిది. అమావాస్య సున్నలు ఎనిమిది. మరి తొమ్మిదోది?

అది ఆషాఢంలో ఒక గురువారం. పండుగ లేదు, పూజ లేదు, ఏమీ లేదు. ఆ రోజు ఏమైందో గుర్తు తెచ్చుకోవడానికి చాయ్ చల్లారేదాకా కూర్చున్నాడు. నీళ్ల ట్యాంకరు వచ్చింది. గల్లీలో తిరగడానికి చోటు లేక డ్రైవరు హారను మోగిస్తే, తను బనీను మీదే వెళ్లి కారును ఆరడుగులు వెనక్కి తీసి ఆపాడు. గంట తర్వాత చూస్తే బండి లేవలేదు.

నిమ్మకాయలకు ఒక అడుగు. ట్యాంకరుకు ఆరడుగులు. రెంటికీ పొత్తు ఏమిటి? బండి చల్లగా ఉండగా లేపడం, లేపగానే ఆపేయడం. మే నెల అమావాస్య నాడు అది విద్యానగర్ తిరిగొచ్చి వేడి మీద ఉంది.

వెంటనే నాగేందర్‌కు ఫోన్ చేశాడు. లేపగానే ఆపేయడం వల్లనేనా అని అడిగాడు.

"అయితే అయుండొచ్చు సేట్. చల్ల ఇంజను లేచేటప్పుడు పెట్రోలు ఎక్కువ గుంజుకుంటది. కాలనియ్యకుండ బంద్ చేస్తే లోపల్నే నిలుస్తది. ప్లగ్గులు నాని పోతయి."

"రెండేండ్ల సంది తడి ప్లగ్గులు విప్పుతున్నవ్ గద. గీ మాట ముందుగాల ఎందుకు చెప్పలే?"

"పూజ చేసి పిలిచిన్రని నాకు తెల్వదు గద సేట్. బండి లేస్తలేదు రమ్మన్నరు, వచ్చిన."

అదీ నిజమే. బాలకిషన్ కమలకు చెబుదామనుకుని ఆగాడు. చెబితే వాదన అవుతుంది, చేసి చూపిస్తే రుజువవుతుంది. సరుకు మంచిదని నోటితో చెప్పడం కంటే చెవి దగ్గర తిప్పి వినిపించడమే అతని పద్ధతి.

దసరా పొద్దున గల్లీ ఖాళీగా ఉంది. హాస్టల్ పిల్లలంతా ఊళ్లకు పోయారు. పంతులు మంత్రం చదివాడు. ఉదయ్ కుమార్ చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. కమల నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి పళ్లెం పట్టుకుని పక్కకు జరిగింది. బాలకిషన్ తాళం తిప్పాడు. ఇంజను సన్నగా పాడింది. నిమ్మకాయలు చితికాయి. ఆపండి అని పంతులు చెయ్యి ఎత్తాడు.

బాలకిషన్ ఆపలేదు. ఎత్తిన చెయ్యిని దాటుకుని గల్లీ మలుపు తిరిగాడు. చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ చౌరస్తా, మూసి ఉన్న తన కొట్టు ముందునుంచి హిమాయత్‌నగర్, అక్కడినుంచి ఇందిరా పార్కు పక్కగా మళ్లీ అశోక్ నగర్. బంతిపూల దండ గాలికి అద్దం మీద కొట్టుకుంటూనే ఉంది. వేడి ముల్లు సగానికి వచ్చి నిలిచాకనే ఇంటి ముందుకు తెచ్చి ఆపాడు.

పంతులు అక్కడే నిలబడి ఉన్నాడు. కర్పూరం ఆరిపోయింది. ఉదయ్ కుమార్, బండి ఇవ్వడం ఇష్టం లేక పారిపోయారనుకున్నాం అన్నాడు. బాలకిషన్ అందరినీ లోపల కూర్చోబెట్టి చాయ్ తాగించి, అరగంట గడిచాక బయటికి తీసుకొచ్చాడు. తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే లేచింది.

అప్పుడు మొదలుపెట్టాడు. ట్యాంకరు గురువారం, తడి ప్లగ్గులు, మే నెల అమావాస్య, అన్నీ వరసగా చెప్పాడు. ఉదయ్ కుమార్ తల ఊపాడు. పంతులు కూడా ఊపాడు. కమల అంతా విని, కారు తలుపు తీసి, డ్రైవరు పక్క సీటు కిందినుంచి చిన్న పసుపు గుడ్డ మూట తీసి చూపించింది.

"నిన్న మధ్యాహ్నం ఆటోల విద్యానగర్ పోయిన. ఆ షెడ్డు ఉన్న జాగల పిడికెడు మట్టి తెచ్చి ముడుపు కట్టిన. దాని జాగ దాని దగ్గర్నే ఉంటే గుబులు పడదని."

బాలకిషన్ మూట వంక చూశాడు, ఇంజను వంక చూశాడు.

"నాకెందుకు చెప్పలే?"

"మీరు నాకు చెప్పిన్రా?"

చప్పుడు చేసే మిషనుతో వచ్చిన ప్రతి గిరాకీకి అతను ఒకే మాట చెబుతాడు. బెల్టూ బేరింగూ ఒక్కరోజే మార్చకు, దేనితో నయమైందో తెలియదు. ముప్పై రెండేళ్లు ఆ మాట చెప్పిన మనిషి ఇంట్లో అదే జరిగింది. అతని వాదనకు మే నెల అమావాస్య సాక్ష్యం. ఆమె నమ్మకానికీ అదే సాక్ష్యం. ట్యాంకరు గురువారం ఒక్కటే తనవైపుందని అతను గుర్తుచేస్తే, కమల ఆ పొద్దున తులసి దగ్గర దీపం పెట్టి ఆ హారతే కారు వైపు కూడా తిప్పానేమో అంది. తిప్పిందో లేదో ఆమెకే సరిగ్గా గుర్తులేదు.

"తేల్చుకోవడం తేలికే కదండీ," అన్నాడు ఉదయ్ కుమార్. "మూట తీసి ఇంట్లో పెట్టండి. సాయంత్రం ఇంజను చల్లారాక అడుగు కదిపి ఆపండి. లేస్తే అమ్మగారి మాట తప్పు. లేవకపోతే..."

అక్కడ ఆగిపోయాడు. లేస్తే బాలకిషన్ మాట కూడా తప్పే, లేవకపోతే ఇద్దరి మాటా నిజమే అవుతుంది. బాలకిషన్ కూడా అదే ఆలోచిస్తున్నాడు. పైగా లేవకపోతే ఒప్పందం ప్రకారం బండి పోవాలి. నిజం తెలుసుకోవడానికి సరుకునే పందెంలో పెట్టే వ్యాపారి ఎక్కడుంటాడు? తాళం జేబులో వేసుకున్నాడు. పూజ అయ్యింది, బండి లేచింది, చాయ్ కూడా అయ్యింది, బేరం ముగిసిందన్నాడు. ఉదయ్ కుమార్ ఎర్ర బానెట్ మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

దీపావళి అమావాస్య పొద్దున కమల నిమ్మకాయలు పెట్టి, పక్కకు జరగకుండా తలుపు తీసుకుని కారులో కూర్చుంది. కాళ్ల దగ్గర పసుపు మూట, ఒళ్లో హారతి పళ్లెం. కాయలు చితికాక బాలకిషన్ ఆపలేదు. ఆమె ఆపమనలేదు. ఇందిరా పార్కు దాటాక, అసలు ఇప్పుడు మనం తిరుగుతున్నది ఇంజను వేడి కోసమా, దాని గుబులు తీర్చడం కోసమా అని అడిగాడు.

"మీరు ముందు చూసి నడపున్రి," అంది కమల.

ఇంటికొచ్చాక క్యాలెండర్‌లో టిక్కు పెట్టాడు. పక్కన కారణం రాద్దామని పెన్సిలు ఆనించి, ఏదీ రాయకుండానే దాన్ని తిరిగి మేకుకు తగిలించాడు.